బెడ్ రెస్ట్ అంటే కదపకుండా ఉంచడం కాదు

సంపాదకులకు నమస్కారం.

తుంటి ఎముకో తొడ ఎముకో విరిగి ఆపరేషన్ అయినవాళ్లను ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జి కాగితం మీద తరచుగా ఇంగ్లిషులో రెండు మాటలుంటాయి: బెడ్ రెస్ట్, బ్యాక్ కేర్. మొదటి మాటను ఇంట్లోవాళ్లు ‘అసలు కదపకూడదు’ అని అర్థం చేసుకుంటారు. రెండోది వీపు, నడుం కింది చర్మాన్ని కాపాడుకోమని చెప్పే మాట, దాన్ని విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. పాడేరు, అరకు నుంచో, శ్రీకాకుళం వైపు నుంచో విశాఖ వచ్చి వైద్యం చేయించుకుని వెళ్లినవాళ్లు కుట్లు విప్పించుకోవడానికి తిరిగొచ్చేసరికి ఎముక సంగతి బాగానే ఉంటుంది, నడుం కింద మాత్రం పుండు పడి ఉంటుంది. ఇది చాలావరకు ఆపగలిగిన పుండు. అందుకే ఈ ఉత్తరం.

ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగిపోయి, అక్కడికి రక్తం అందకపోతే ఈ పుండు పుడుతుంది. దీన్నే పడక పుండు (బెడ్‌సోర్) అంటారు. వెల్లకిలా పడుకున్నవాళ్లకు పిరుదుల పైనున్న ఎముక దగ్గర, మడమల దగ్గర ముందు మొదలవుతుంది. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎరుపెక్కాలి. తెల్లబడకపోతే దెబ్బ తగిలినట్టే. చామనచాయ, నల్లని ఒంటి మీద ఎరుపు కనిపించదు కాబట్టి చేత్తో తాకి చూడాలి. పక్క చర్మం కన్నా వేడిగా, గట్టిగా లేదా మెత్తగా తగిలితే అదే గుర్తు. అక్కడ నూనె పెట్టి మర్దన చేయకండి. లోపల నలిగిన చిన్న రక్తనాళాలు ఇంకా చితుకుతాయి. నడుం కింద పెట్టే గాలి రింగు కూడా కొనవద్దు. మధ్యలో ఖాళీ ఉంటుంది గానీ, దాని అంచు చుట్టూ ఒత్తి రక్తాన్ని అడ్డుకుంటుంది.

రెండు గంటలకోసారి పక్క మార్చాలి. పూర్తిగా పక్కకు తిప్పితే బరువంతా తుంటి మీద పడుతుంది. వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీల వాలు వస్తే చాలు. ఏ వైపు తిప్పవచ్చో సర్జన్‌ను ముందే అడగాలి. తిప్పేటప్పుడు రెండు కాళ్ల మధ్య తొడ నుంచి మడమ దాకా దిండు ఉంచి, నడుము, కాలు ఒకేసారి కదిలేలా చూడాలి. పైకి జరపాలంటే చంకల్లో చేతులు వేసి ఈడ్చకూడదు. నడుం కింద మడత దుప్పటి పరిచి, ఇద్దరు అటూ ఇటూ పట్టుకుని ఎత్తి జరపాలి. ఈడిస్తే చర్మం పరుపుకు అంటుకుని, ఎముక ముందుకు పోతుంది, మధ్యలో కండ చిరుగుతుంది. భోజనం వేళ తప్ప తలవైపు 30 డిగ్రీలకు మించి ఎత్తి ఉంచినా మనిషి కిందికి జారి ఇదే జరుగుతుంది. మడమ గాలిలో తేలాలి: పిక్క పొడవునా దిండు ఆన్చితే మడమ కింద కాగితం అడ్డం లేకుండా జారాలి.

మన సముద్రపు ఉక్కలో ఇంకో చిక్కుంది. పరుపు తడవకూడదని నేరుగా రెగ్జిన్ షీటు పరుస్తారు. చెమట ఇంకే దారి లేక చర్మం నాని, తేలిగ్గా ఊడుతుంది. రెగ్జిన్ మీద నూలు దుప్పటి ముడతల్లేకుండా పరిచి, తడిసిన వెంటనే మార్చాలి. ఎయిర్ బెడ్ ఉన్నా పక్క మార్చడం తప్పదు.

తిండి విషయంలో మాకు పెద్ద బాధ ఉంది. పప్పు, గుడ్డు పెడితే చీము పడుతుందని చారన్నంతో సరిపెడతారు. పుండు మానడానికి కావలసిందే మాంసకృత్తులు: కిలో బరువుకు రోజుకు 1.25 నుంచి 1.5 గ్రాములు, అంటే 50 కిలోల మనిషికి 60 గ్రాములకు పైనే. ఒక గుడ్డులో 6 గ్రాములే ఉంటాయి. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడిగి పెట్టాలి.

సిమెంటు కట్టు ఉన్నవాళ్ల వేళ్లు రోజూ చూడండి. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు రావాలి. మందు వేసినా ఆగని నొప్పి, వేలు చాచితే ఇంకా పెరిగే నొప్పి, తిమ్మిరి ఉంటే తెల్లారేదాకా ఆగకండి. కొన్ని గంటల్లోనే కండరం చచ్చిపోతుంది. ఒక పిక్క మాత్రమే వాచి వేడెక్కితే లోపల రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు. పిసకకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దాంతోపాటు ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే 108కి ఫోన్ చేయాలి. గడ్డ కట్టకుండా మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి పాదాన్ని పైకీ కిందికీ పదిసార్లు ఆడించాలి.

ఆసుపత్రులకు మా విన్నపం ఒక్కటే. ఇవి నోటితో చెప్పి ఊరుకుంటే చాలదు. డిశ్చార్జి రోజు తోడున్నవాళ్లు బిల్లు కౌంటరు దగ్గరా మందుల షాపు దగ్గరా ఉంటారు, చెప్పినా చెవికెక్కదు. ఆపరేషన్ మర్నాటి నుంచే, ఇంట్లో చూసుకోబోయే మనిషి చేత పక్క తిప్పించడం, దుప్పటితో ఎత్తించడం, మడమ తేలేలా పిక్క కింద దిండు పెట్టించడం, బెడ్‌పాన్ పెట్టించడం నర్సు కళ్లెదుట కనీసం రెండుసార్లు చేయించాలి. తప్పు అక్కడే దిద్దాలి. తెలుగులో, బొమ్మలతో ఒక కాగితం చేతికివ్వాలి. ఇంకో ప్రతి ఆ ఊరి ఏఎన్‌ఎంకు చేరితే, మొదటి వారంలోనే ఎవరో ఒకరు వెళ్లి రోగిని పక్కకు తిప్పి, వీపూ మడమలూ చూసి రాగలుగుతారు.

ఇట్లు,
ఎముకల వార్డుల్లో పనిచేసే కొందరు నర్సులు,
విశాఖపట్నం