మాజులి: రేవు దాటాక చూడవలసినవి

సంపాదకుల వారికి నమస్కారం.

దీవుల గురించి పత్రికల్లో వచ్చే యాత్రా వ్యాసాలు చాలావరకు నీళ్ల రంగు, సూర్యాస్తమయం, బస వసతుల దగ్గరే ఆగిపోతున్నాయి. ఇటీవల అస్సాంలోని మాజులి ద్వీపానికి వెళ్లి వచ్చిన విజయవాడ వాసిగా, అక్కడి మనుషుల అలవాట్లు తెలుసుకోకుండా తిరిగి వచ్చినవారు ఆ ద్వీపాన్ని సగం కూడా చూసినట్లు కాదని నాకు గట్టిగా అనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

జోర్హాట్ పట్టణానికి దగ్గరలోని నీమతి ఘాట్ రేవులో మనుషులు, మోటారు సైకిళ్లు, కార్లు, సరుకుల మూటలు అన్నీ ఒకే పడవ ఎక్కుతాయి. చలికాలంలో బ్రహ్మపుత్ర నీరు తగ్గి ఇసుక మేటలు పైకి తేలతాయి కనుక పడవ నేరుగా పోకుండా పాయల వెంట చుట్టూ తిరిగి పోతుంది. కమలాబారి వైపు దిగి లోపలికి వెళ్తే కనుచూపు మేర పూతకు వచ్చిన ఆవచేలు, వాటి మధ్య చిత్తడి నేలల్లో వాలిన వలస పక్షులు కనిపిస్తాయి. కృష్ణ ఒడ్డున పెరిగినవారికి కూడా అంత వెడల్పైన నది కొత్తగానే ఉంటుంది.

ఆ అందం ఎంత కాలం నిలుస్తుందో చెప్పలేని స్థితి. 1950 ఆగస్టు 15న వచ్చిన పెను భూకంపంతో బ్రహ్మపుత్ర అడుగు పూడి మెరక అయిన తరువాత గట్ల కోత ఉద్ధృతమైంది. గత వందేళ్లలో ద్వీపం సగానికి పైగా నదిలో కలిసిపోయింది. వరదలు కూడా తరచూ వస్తాయి కనుక అక్కడి మిసింగ్ తెగవారు వెదురు నిట్టాళ్ల మీద, మన పొలాల్లోని మంచెల మాదిరిగా ఎత్తున ఇళ్లు కట్టుకుంటారు. వరద వచ్చినప్పుడు నీరు కిందుగా పోతుంది; మిగిలిన కాలంలో ఆ కింది నీడలోనే ఆడవారు మగ్గం నేస్తారు, పందులు, కోళ్లు తిరుగుతుంటాయి. అస్సామీ పంచాంగపు ఫాగున్ మాసంలో మొదటి బుధవారం వారు జరుపుకునే అలి-ఆయె-లిగాంగ్ మన ఏరువాక వంటి విత్తనాల పండుగ.

ద్వీపానికి ప్రాణం మాత్రం సత్రాలు. శ్రీమంత శంకరదేవుడు (1449–1568), ఆయన శిష్యుడు మాధవదేవుడు నెలకొల్పిన వైష్ణవ సంప్రదాయానికి చెందిన మఠాలివి. వాటి నడుమ ఉండే నామ్‌ఘర్ అనే ప్రార్థనా మందిరంలో విగ్రహానికి బదులు పీఠం మీద భాగవత గ్రంథాన్ని ఉంచి కొలుస్తారు. పోతన పద్యాలు వింటూ పెరిగిన మనకు ఆ దృశ్యం ఎంత దగ్గరగా తోస్తుందో అక్కడ నిలబడితేనే తెలుస్తుంది. ఔనియాటి, కమలాబారి వంటి సత్రాలలో బ్రహ్మచారులుగా జీవించే భకతులు తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చిన సత్రియ నృత్యానికి 2000లో శాస్త్రీయ నృత్య హోదా దక్కింది. మన కూచిపూడి కూడా చాలా కాలం మగవారే ఆడిన భాగవతుల కళ. ఈ రెంటినీ ఒకే వేదిక మీద పక్కపక్కన చూడాలన్న కోరిక నాకు అక్కడే కలిగింది.

సామగురి సత్రంలో ముఖాలు, అంటే భావోనా అనే పౌరాణిక నాటకాలకు కావలసిన మాస్కులు, తయారు చేయడం దగ్గరుండి చూశాను. ముందుగా సన్నని వెదురు బద్దలను ఆరు పలకల గళ్లుగా అల్లి తలకు సరిపడే చట్రం కడతారు. దాని మీద బంకమట్టిలో ముంచిన గుడ్డ ముక్కలను పొరలుగా అంటిస్తారు. అది కొంత ఆరాక మట్టి, పేడ కలిపిన ముద్దతో ముక్కు, కనుబొమలు, చెంపలు తీర్చి, వెదురు కత్తితో నునుపు చేసి, ఎండబెట్టి రంగులు వేస్తారు. దవడ, కళ్లు కదిలేవి కొన్ని. మనిషి నిలువెత్తు మించి ఉండే పెద్ద మాస్కులు మరికొన్ని. రావణుని తలలు, పూతన ముఖం గోడల నిండా వేలాడుతుండగా ఒక కుర్రవాడు జటాయువు ముక్కుకు మట్టి అద్దుతూ కూర్చున్నాడు. ఈ మాస్కులకు 2024లో భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు లభించింది. సాల్మొరా ఊరిలో కుమ్మరి సారె లేకుండా చేతులతోనే కుండలు చేస్తారని, వాటిని పడవల్లో తీసుకువెళ్లి ధాన్యానికి మార్చుకునే ఆనవాయితీ ఉందని కూడా పాఠకులకు తెలియాలి.

ఆ ఊళ్లలో తిరుగుతున్నంతసేపూ నాకు మన కృష్ణా లంకలే గుర్తుకు వచ్చాయి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం దాటినప్పుడు లంక గ్రామాల పేర్లు రోజూ వార్తల్లో కనిపించాయి. నీరు తీసిన తరువాత అంతగా కనిపించలేదు. పసుపు, కంద, అరటి, తమలపాకు తోటలు పెంచుతూ, రేవు దాటి రాకపోకలు సాగించే ఆ కుటుంబాల ఇళ్లు, వంటలు, కొలుపులు, వరదకు ముందు సామాను సర్దుకునే పద్ధతులు మనకెంతవరకు తెలుసు? పక్కనే ఉన్న భవానీ ద్వీపానికి వెళ్లేవారికి సైతం పడవ షికారు తప్ప, నదిని నమ్ముకుని బతికేవారి సంగతులు చెప్పే ఏర్పాటు ఉంటే బాగుంటుంది.

కాబట్టి మీ పత్రిక యాత్రా పేజీలలో పడవ వేళలతో పాటు ఆయా చోట్ల పాటించవలసిన మర్యాదలు, అక్కడి పండుగల నెలలు, చేతిపనులవారి దగ్గర నేరుగా కొనుక్కునే వీలు కూడా ప్రచురించగలరని మనవి. కనీసం ఏడాదికి ఒకసారైనా, వరద లేని రోజుల్లో, కృష్ణా లంకల నుంచి మీ విలేకరులు వరుసగా కథనాలు రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సత్యనారాయణపురం, విజయవాడ.