గంధం పూసిన గుండు మాకు కనబడలేదు

సంపాదకులకు నమస్కారాలు.

పిల్లలను ఎత్తుకుపోయే ముఠా మన తిరుపతిలోకి దిగిందంటూ గతవారం మా వీధివాళ్ళ వాట్సాప్ గ్రూపులోకి ఒక ఆడియో వచ్చింది. మాట్లాడినవారి పేరు లేదు, ఊరు లేదు, తేదీ లేదు. అయినా సాయంత్రానికల్లా మా వీధిలో దుప్పట్లు అమ్ముకునే ఉత్తరాది కుర్రాళ్ళను ఇద్దరు ముగ్గురు నిలదీశారు. ఇలాంటి ఆడియోను 2018లో పూర్తిగా నమ్మినవాళ్ళలో నేనూ ఒకణ్ణి గనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ ఏడాది మే నెలలో, మిట్టమధ్యాహ్నం, మా వీధి మలుపులో యాభై ఏళ్ళు దాటిన ఒక మనిషి గుడ్డసంచి పట్టుకుని దిక్కులు చూస్తూ నిలబడ్డాడు. తెలుగు రాదు, అరవం రాదు. ఆడుకుంటున్న ఒక పిల్లవాడికి సంచిలోంచి ఏదో తీసి ఇవ్వబోయాడు. అంతే, క్షణాల్లో పదిహేను మందిమి చుట్టూ మూగాము. సంచిలో మత్తు బిస్కెట్లు ఉంటాయని ఒకరన్నారు. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పిన నేను "ఎవర్రా నువ్వు?" అని గట్టిగా అరిచాను. వెనకనుంచి ఎవరో చొక్కా పట్టుకున్నారు కూడా. అప్పుడు గుడి దగ్గర పూలమ్మే ముసలమ్మ గుంపును తోసుకుంటూ వచ్చి, "సామీ, ముందు నీళ్ళు తాగు" అని చెంబు చేతికిచ్చింది. ఆయన తాగి, సంచి విప్పి చూపించాడు. అందులో ఉన్నవి కొండ లడ్డూలు. తలకు పూసిన గంధం ఇంకా ఆరలేదు. రోజుకు అరవై వేలకు పైబడి భక్తులు కొండకు వచ్చే ఊళ్ళో, గుండు చూసి "గోవిందా" అని పలకరించే మనకు, ఆ పూట ఆ గుండు కనబడలేదు. తనవాళ్ళనుంచి తప్పిపోయి, యాత్రికులు దిగే విష్ణు నివాసం వసతిగృహానికి దారి వెతుక్కుంటున్న యాత్రికుడాయన. పోయేముందు మా అందరి చేతుల్లోనూ తలా కాస్త ప్రసాదం పెట్టాడు. నేనూ రెండు చేతులూ పట్టాను. దాన్ని మింగడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఆ ముసలమ్మ రాకపోతే ఏమయ్యేదో ఊహించడానికి దూరం పోనక్కరలేదు. వేలూరు దాటితే వచ్చే తిరువణ్ణామలై జిల్లాలో అదే నెలలో, కులదైవం గుడికి దారి అడిగి పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన పాపానికి అరవై అయిదేళ్ళ స్త్రీని గుంపు కొట్టి చంపింది. జూలై 1న మహారాష్ట్రలోని ధూళే జిల్లాలో, భిక్షాటనతో బతికే సంచార కులస్థులను అయిదుగురిని ఇలాంటి పుకారే బలిగొంది. ఆ తరువాతే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో, అయిదుగురు లేక అంతకు మించినవారు కలిసి కులం, భాష, పుట్టిన చోటు వంటి కారణాలతో మనిషిని చంపితే గుంపులోని ప్రతి ఒక్కరికీ మరణశిక్ష గాని యావజ్జీవం గాని విధించవచ్చునని 103వ సెక్షన్ చెబుతోంది. "నేను కొట్టలేదు, ఊరికే నిలబడ్డాను" అనే మాట ఎంతవరకు నిలుస్తుందో న్యాయవాదులే చెప్పాలి. నా మట్టుకు నేను నిలబడినవాణ్ణే.

బిడ్డల గురించి భయపడటం తప్పు కాదు. భయం చూసే దిక్కే తప్పు. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం కింద నమోదైన అత్యాచార కేసుల్లో నిందితులు తొంభై శాతానికి పైగా ఆ బిడ్డకు తెలిసినవారేనని జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలు చెబుతున్నాయి. మనమేమో అన్నం తినకపోతే బూచోడికి పట్టిస్తామని బైరాగిని చూపించి పెంచుతాము, ఇంట్లోకి వచ్చిపోయే మనిషి గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పము.

మన ఊరికి ఇది కొత్త కథ కూడా కాదు. ఉత్తరాదినుంచి వచ్చిన హాథీరాంజీ అనే సాధువు దగ్గర స్వామివారి నగ కనబడితే దొంగ అని గదిలో పెట్టి తాళం వేశారనీ, ఆయన నిజాయితీకి పరీక్షగా గదినిండా పెట్టిన చెరకు గడలను తెల్లవారేలోగా ఏనుగు వచ్చి తినేసిందనీ చిన్నప్పటినుంచీ చెప్పుకుంటున్నాము. అది ఐతిహ్యం. చరిత్ర ఏమిటంటే, ఆ హాథీరాంజీ పేరిట వెలసిన మఠమే 1843 నుంచి 1933 దాకా, తొంభై ఏళ్ళు, తిరుమల ఆలయ నిర్వహణ చూసింది. అంత నమ్మకాన్ని ఒకప్పుడు బయటివాడి మఠం మీద పెట్టిన ఊళ్ళో, ఈనాడు అద్దె ఇల్లు అడగవచ్చిన ఉత్తరాది విద్యార్థికి "మీకు ఇవ్వము" అనే మాట మొదటే ఎదురవుతోంది. ఎరుకలవారి సంగతి మరీ అన్యాయం. పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసిన 1871 నాటి ఇంగ్లీషువాళ్ళ చట్టపు వారసత్వం 1952లో రద్దయింది గాని, కోడి పోయినా కుండ పోయినా మొదటి చూపు ఇంకా వాళ్ళ గుడిసెల వైపే పోతుంది.

భయం నాకు ఒక్కరోజులో పోలేదు. పక్కింట్లో టైల్స్ పరిచే కుర్రాణ్ణి నెల రోజులు కిటికీలోంచే కనిపెట్టి చూశాను. చివరకు ఒకనాడు వచ్చీరాని హిందీలో పేరేమిటని అడిగితే, "తెలుగులో మాట్లాడండి సార్, మా అమ్మ తెలుగావిడ, మాది ఒడిశాలో గంజాం జిల్లా" అన్నాడు. ఆ నెల రోజులూ వాడు నా గొణుగుడంతా వింటూనే ఉన్నాడన్నమాట!

మీ పత్రికకు నా విన్నపం ఒక్కటే. పోలీసులు నిర్ధారించనిదే "ఉత్తరాది ముఠా", "అనుమానాస్పద వ్యక్తుల సంచారం" వంటి శీర్షికలు జిల్లా పేజీలో వేయకండి. పుకారు వార్త వేయవలసివస్తే దాని పక్కనే, బిడ్డలకు సంబంధించిన అనుమానానికి 1098కి, మరే ఆపదకైనా 112కి ఫోన్ చేయమని పెద్ద అక్షరాలతో వేయండి. పట్టుబడినవారు అమాయకులని మరునాడు తేలితే, ఆ సంగతిని కూడా మొదటి వార్త వేసినచోటే, అంతే పెద్దదిగా ప్రచురించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తిరుపతి.