మా గుర్రం పోయింది, పశువైద్య అధికారి గారూ

అయ్యా, నమస్కారం.

మన్యంలో గుర్రం అంటే ఊరేగింపులకి కాదు, రోడ్డు లేని కొండ ఊళ్ల నుంచి కాఫీ గింజలు, మిరియాలు, పసుపు సంతకి దించేదీ, తిరిగొచ్చేటప్పుడు ఉప్పు, బియ్యం మోసుకొచ్చేదీ అదే. మా ఇంట్లో ఆ పని చేసిన గుర్రం పోయిన వారం ఉన్నట్టుండి చచ్చిపోయింది. సాయంత్రం దాకా బాగానే ఉంది, రాత్రికి మేత ముట్టలేదు, చెమటలు పట్టి, మాటిమాటికీ డొక్క వైపు చూసుకుంటూ, కాలితో నేల గీరుతూ, పడి పొర్లడం మొదలుపెట్టింది. కడుపు శూల. గుర్రానికి వాంతి చేసుకోవడం కుదరదు కదా, పేగు మెలిపడితే గంటల్లో ప్రాణం పోతుంది. పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేద్దామంటే సిగ్నల్ కోసం కొండెక్కాలి, ఎక్కి చేసినా ఆ బండి మా ఊరికి వచ్చే దారేదీ? మా నాన్న తెల్లారేదాకా దాన్ని నడిపిస్తూనే ఉన్నాడు. (ఆయన ఇప్పటికీ సరిగ్గా అన్నం తినట్లేదు, అది వేరే టెన్షన్.)

అడిగేది ఇదే సార్. జాతీయ పశుధన మిషన్ బీమా ఆవులు, గేదెలకే కాదు, బరువులు మోసే గుర్రాలకీ వర్తిస్తుంది. మా ఊళ్లో ఆ సంగతి ఎవరికీ తెలీదు. సంత రోజున ఒక డాక్టర్ గారిని కూర్చోబెట్టి, వచ్చే గుర్రాలన్నింటికీ ట్యాగులు వేసి బీమా రాయించండి. నొప్పి తగ్గించే ఇంజెక్షన్, అది వేయడం తెలిసిన మనిషి రోడ్డు ఆగిపోయే చివరి ఊళ్లోనైనా ఉండాలి. వచ్చే సంతకే మొదలుపెట్టొచ్చు, గుర్రాలున్న వాళ్లందరినీ పోగేసే పని నేను చూసుకుంటాను.