మూసేసిన నా ఫిర్యాదు గురించి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. నేను కొన్న మీ ప్రోగ్రెసివ్ రీలోడింగ్ ప్రెస్ (కాల్చేసిన తూటాల ఖాళీ కేసుల్లో మళ్లీ పౌడర్, బుల్లెట్ పెట్టి తూటాలు తయారుచేసే యంత్రం) గురించి ఐదు వారాలుగా మీ సంస్థ చుట్టూ తిరుగుతున్నాను. నిన్న పొద్దున "మీ సమస్య పరిష్కారమైంది" అని మెయిల్ వచ్చింది. ఎవరు పరిష్కరించారు? ఎప్పుడు? ప్రెస్ నా బల్ల మీద అలాగే ఉంది. కేసుల్ని ఒక దశ నుంచి ఇంకో దశకి తిప్పే షెల్ ప్లేట్ ఇప్పటికీ పూర్తిగా తిరగడం లేదు.

కొనేటప్పుడు మీ మనిషి నాతో నలభై నిమిషాలు మాట్లాడాడు. పదకొండేళ్లుగా ఒకసారికి ఒక్క పనే చేసే మీ సింగిల్ స్టేజ్ ప్రెస్సే వాడుతున్నానని, నాకు టరెట్ రకం ప్రెస్ చాలని చెప్పాను. "టరెట్‌లో ఒక్కో తూటాకి నాలుగుసార్లు లివర్ లాగాలి సార్, ప్రోగ్రెసివ్‌లో లాగిన ప్రతిసారీ ఒక తూటా తయారవుతుంది" అని ఒప్పించాడు. ఆ ఓపిక చూసే కొన్నాను. అమ్మకం అయ్యాక అలాంటి మనిషి మళ్లీ ఒక్కరు కూడా దొరకలేదు.

మొదటిసారి ఫోన్ చేస్తే ఒకమ్మాయి ప్లగ్ సరిగ్గా పెట్టారా అని అడిగింది. అది చేత్తో లివర్ లాగి నడిపే ప్రెస్ అమ్మా అని చెప్పాను. అయినా ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయమంది. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు, ఏం అమ్ముతున్నారో కూడా చెప్పకుండా ఫోన్ దగ్గర కూర్చోబెట్టిన మీ మీద ఉంది. రెండో ఆయన ఫోటోలు పంపమన్నాడు. ఆరు ఫోటోలు, ఒక వీడియో పంపాను. మూడు రోజులకి "దయచేసి ఫోటోలు పంపండి" అని జవాబు. మళ్లీ పంపాను. మూడో ఆయన కొన్న షాపునే అడగమన్నాడు. షాపువాళ్లేమో వారంటీ కంపెనీది, మాకు సంబంధం లేదన్నారు. ఆ మాట చెప్పడానికి మీకు మళ్లీ చేస్తే ఇరవై ఐదు నిమిషాలు పాట వినిపించి లైన్ కట్ చేశారు.

ఇది మిక్సీ మూత సరిగ్గా పట్టకపోవడం లాంటిది కాదండీ. ప్లేట్ సగంలో ఆగితే కేస్ కదలక అదే చోట ఉండిపోతుంది, ఒకే కేస్‌లో పౌడర్ రెండుసార్లు పడొచ్చు. అలాంటి తూటా పేలిస్తే తుపాకీ చేతిలోనే పగలొచ్చు. ఇంకో కేస్‌లో అసలు పడకపోతే బుల్లెట్ బారెల్‌లో ఇరుక్కోవచ్చు, తెలియక దాని వెనక ఇంకోటి కాలిస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? అందుకే ప్రతి కేస్‌లోకీ లైట్ వేసి చూసి గానీ బుల్లెట్ పెట్టేవాణ్ని కాదు. చివరికి ఆ టెన్షన్ భరించలేక ప్రెస్ మీద గుడ్డ కప్పేశాను. ఈ విషయం మీ ముగ్గురికీ చెప్పాను. ఒక్కరూ "వాడకం ఆపండి సార్" అనలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

మా షూటింగ్ క్లబ్‌లో కొత్తగా రీలోడింగ్ మొదలుపెట్టేవాళ్లు ఏ ప్రెస్ కొనాలని నన్నే అడుగుతారు. ఇన్నేళ్లూ మీ పేరే చెప్పాను. నా మాట మీద కొన్నవాళ్లు ఐదారుగురున్నారు. ఇప్పుడు వాళ్లకి ఏం చెప్పమంటారు?

ప్రెస్ గురించి తెలిసిన మనిషి ఒకరు నాకు ఫోన్ చేయాలి. పార్ట్ మారుస్తారో, ప్రెస్సే మారుస్తారో, దీన్ని తీసుకుని టరెట్ ఇస్తారో ఆ తర్వాత మాట్లాడుకుందాం. వచ్చే శుక్రవారం దాకా చూస్తాను. అప్పటికీ ఫోన్ రాకపోతే మెయిళ్లు, ఫోటోలు, మీ "పరిష్కారమైంది" అన్న ఉత్తరం అన్నీ కలిపి వినియోగదారుల ఫిర్యాదు వేస్తాను. క్లబ్ నోటీసు బోర్డు మీద కూడా పెడతాను.

నా నంబర్ మీ దగ్గరే ఉంది. ఫోన్ చేసిన ప్రతిసారీ అడిగి రాసుకున్నారు.

ఇట్లు,
పదకొండేళ్లుగా మీ కస్టమర్