వార్షిక నివేదిక 2024-25: పెళ్లి హక్కు రాకముందు చేయాల్సిన పని

సభ్యులందరికీ నమస్కారం.

స్వలింగ జంటల పెళ్లి హక్కు కేసులో తీర్పును మళ్లీ పరిశీలించాలన్న రివ్యూ పిటిషన్లను 2025 జనవరి 9న సుప్రీంకోర్టు కొట్టివేసింది. దాంతో 2023 అక్టోబరు 17 నాటి తీర్పే ఖాయమైంది. పెళ్లి ప్రాథమిక హక్కు కాదని అయిదుగురు న్యాయమూర్తులూ ఒకే మాట చెప్పారు. స్వలింగ జంటల బంధానికి చట్టపరమైన గుర్తింపు, జంటగా దత్తత తీసుకునే హక్కు 3-2 తేడాతో చేజారాయి. 1954 ప్రత్యేక వివాహ చట్టంలో పురుషుడు, స్త్రీ అన్న మాటలు మార్చితే, వారసత్వం దాకా ఎన్నో నిబంధనలు కదిలించాల్సి వస్తుందన్నది కోర్టు చూపిన కారణాల్లో ఒకటి. ఆ చిక్కు నిజమే. అయితే దాన్ని విప్పగలిగేది పార్లమెంటు కనుక, మన వినతిపత్రాల్లో ఏ చట్టంలో ఏ సెక్షన్ మారాలో విడివిడిగా రాస్తున్నాం.

చట్టం వచ్చేదాకా జంటలు ఆగలేవు. అందుకే ఈ ఏడాది ఎక్కువ సమయం న్యాయ సహాయ శిబిరాలకే పెట్టాం.

అన్నిటికన్నా ఎక్కువ శ్రమ వీలునామాల మీద పడింది. వీలునామా లేకుండా ఒకరు పోతే భాగస్వామికి చట్టప్రకారం వాటా ఏమీ రాదు. ఆస్తి పుట్టింటివారికే వెళ్తుంది. తెల్ల కాగితం మీద రాసినా చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. సాక్షుల సంతకాలు మాత్రం రెండు ఉండాలి. తర్వాత వివాదం వస్తే సాక్షుల్లో ఒకరైనా కోర్టుకు రావాలి కనుక, రాసేవారికన్నా చిన్నవయసు వారినే ఎంచుకోండి. ఇక కుటుంబాన్ని కాదని బయటివారికి రాశారంటే కోర్టులు అనుమానంతో చూస్తాయి. లబ్ధి పొందే వ్యక్తే దగ్గరుండి రాయించినట్టు తేలితే ఆ అనుమానం ఇంకా గట్టిపడుతుంది. సంతకం వేళ భాగస్వామి ఆ గదిలో ఉండకూడదని మేం పట్టుబట్టేది ఇందుకే. ఎందుకు ఇలా రాస్తున్నారో వీలునామాలోనే ఒక పేరా రాయించండి, మానసిక ఆరోగ్యం బాగుందన్న డాక్టరు ధ్రువపత్రం జత చేయించండి.

నామినీగా పేరుంటే చాలన్న నమ్మకం చాలామందిలో ఉంది. నామినీ డబ్బు అందుకుంటారు గానీ, దానికి సొంతదారు అయిపోరు. బీమాలో తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతేనే ఆ సొమ్ము వారి సొంతం. భాగస్వామి ఆ జాబితాలో లేరు కనుక పాలసీ నంబరుతో సహా వీలునామాలో రాయాలి. పీఎఫ్ మరీ కష్టం: నిబంధనలు కుటుంబంగా గుర్తించే వారెవరైనా ఉంటే బయటివారి పేరిట ఇచ్చిన నామినేషన్ చెల్లదు.

స్వలింగ జంటలు జాయింట్ ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డు లేదని కేంద్ర ఆర్థిక సేవల విభాగం 2024 ఆగస్టు 28న స్పష్టం చేసింది. రేషన్ కార్డుకు ఒకే ఇంటివారిగా చూడాలని ఆహార శాఖ రాష్ట్రాలకు రాసింది. దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు మృతదేహాన్ని భాగస్వామికి అప్పగించవచ్చని ఆరోగ్య శాఖ లేఖ చెబుతోంది. ఇవన్నీ మంచి అడుగులే. కానీ కౌంటర్ దగ్గరున్న ఉద్యోగికి వీటి సంగతి తెలియదు, చట్టంలా కట్టడి చేసే బలమూ వీటికి లేదు. తేదీ, శాఖ పేరు కనబడే కాపీని చేతిలో పెట్టుకుని వెళ్లండి. కాదంటే ఆ మాట రాతపూర్వకంగా అడగండి.

ఆసుపత్రి విషయంలో మానసిక వైద్యానికి దారి సులువు: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 14వ సెక్షన్ కింద మామూలు కాగితం మీద రాసి సంతకం చేస్తే భాగస్వామే నామినేటెడ్ ప్రతినిధి, అంటే ఆ చికిత్సలో రోగికి అండగా నిలిచే వ్యక్తి. ఆపరేషన్ సమ్మతికి అది పనిచేయదు. కోలుకునే ఆశ లేనప్పుడు చికిత్స ఆపే నిర్ణయం భాగస్వామి చేతిలో ఉండాలంటే, ఇద్దరు సాక్షుల ముందు ముందస్తు ఆదేశం రాసి, నోటరీతో గానీ గెజిటెడ్ అధికారితో గానీ ధ్రువీకరించుకోవాలి.

ఇంట్లో నిర్బంధించిన సందర్భాల్లో మన న్యాయవాదులు 2024 మార్చి 11 నాటి సుప్రీంకోర్టు మార్గదర్శకాలను వాడుతున్నారు. వాటి ప్రకారం హెబియస్ కార్పస్ పిటిషన్‌కు (నిర్బంధంలో ఉన్న వ్యక్తిని కోర్టు ముందుకు తేవాలని కోరేది) ప్రాధాన్యం ఇవ్వాలి, న్యాయమూర్తి ఆ వ్యక్తితో ఏకాంతంగా మాట్లాడాలి, మనసు మార్చే కౌన్సెలింగ్‌కు పంపకూడదు.

పాత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ లేదు. ఇష్టపూర్వక సంబంధాలు 2018లోనే నేరం కాకుండా పోయాయి. ఇప్పుడు ఆ సెక్షన్‌తో పాటే అత్యాచారానికి గురైన పురుషులకున్న రక్షణ కూడా పోయింది. దాన్ని లింగభేదం లేకుండా తిరిగి చేర్చాలన్న డిమాండును వచ్చే ఏడాది పెళ్లి హక్కు వినతులతో కలిపే పంపుతాం. వీలునామా ఇంకా రాయనివారు తదుపరి శిబిరానికి ఆస్తుల జాబితా, ఇద్దరు సాక్షులతో రావాలని కార్యవర్గం కోరుతోంది.