ఒక చెరువు, నాలుగు ఆఫీసులు: ప్రకృతి విహార కమిటీ వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి ఉగాది నుంచి ఈ ఉగాది దాకా మన కమిటీ చేసిన పనుల వివరం ఇది. జమాఖర్చులు కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో విడిగా చదువుతారు కాబట్టి ఇక్కడ వాటి జోలికి పోవడం లేదు. పనులంటే పెద్దగా ఏమీ లేవు. వేసవిలో ఒక పిక్నిక్, సెప్టెంబరు చివర్లో ఉత్తర మిషిగన్ ప్రయాణం, రెండింటి మధ్యలో జింకల మీద వాట్సాప్ గ్రూపులో జరిగిన పెద్ద గొడవ. మూడు చోట్లా మనం తప్పులో కాలేశాం, మూడుసార్లూ కారణం ఒకటే. మనముంటున్న ఈ మిషిగన్ రాష్ట్రంలో నేల ఎవరిది, నీళ్లు ఎవరివి, అందులో తిరిగే జీవాలు ఎవరి అజమాయిషీలో ఉన్నాయి అన్నది మనలో చాలామందికి తెలియదు. నాకూ తెలియదు. తెలుసుకున్నాక రాస్తున్నాను కాబట్టి నివేదిక ఈసారి కాస్త పొడుగైంది.

పిక్నిక్ కెన్సింగ్టన్ పార్కులో పెట్టాం. గేటు దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. కార్ల నంబర్ ప్లేట్ల మీద "పీ" అక్షరం ఉన్న స్టిక్కర్ చూపించి, మాకు పాస్ ఉంది కదా అన్నారు మనవాళ్లు. ఆ స్టిక్కర్ ఇక్కడ చెల్లదని గేటులో అమ్మాయి నవ్వుతూనే చెప్పింది. వెనక కార్లు బారులు తీరాయి. వంటకాలు తెస్తున్న కారు అన్నిటికంటే చివర ఉంది.

ఆ "పీ" రిక్రియేషన్ పాస్‌పోర్ట్‌ది. 2010లో మొదలైంది. కారు రిజిస్ట్రేషన్ రెన్యూ చేసుకునేటప్పుడు కొంచెం అదనంగా కడితే ఆ ఏడాదంతా రాష్ట్ర పార్కులన్నిటిలోకీ కారుతో వెళ్లొచ్చు. నార్త్‌విల్ దగ్గరి మేబరీ, బ్రైటన్ దగ్గరి ఐలాండ్ లేక్, డెట్రాయిట్ నదిలోని బెల్ ఐల్ అన్నీ అందులోకే వస్తాయి. కెన్సింగ్టన్ మాత్రం రాష్ట్ర పార్కు కాదు, మెట్రోపార్కు. వేన్, ఓక్లాండ్, మకూంబ్, లివింగ్‌స్టన్, వాష్టెనా కౌంటీల ఓటర్లు 1940లో సరేనని ఓటేసి ఏర్పాటు చేసుకున్న వేరే సంస్థ దాన్ని నడుపుతుంది. వాళ్ల పన్ను వేరు, వాళ్ల పాస్ వేరు. బుక్ చేసేటప్పుడు ఈ సంగతి చూసుకోకపోవడం కమిటీ తప్పే. గేటు దగ్గర కట్టిన డబ్బులు ఎవరికైనా తిరిగి రావాలంటే రశీదు పంపండి.

రెండో చిక్కు చెరువు గట్టున. చెరువంటే కెంట్ లేక్. దిగువన హ్యూరాన్ నదికి అడ్డంగా ఆనకట్ట ఉంది కాబట్టి మన లెక్కలో అది చెరువే. భోజనాలయ్యాక చేపలు పట్టడం నేర్పే క్లాసుకని పిల్లలు గేలాలు పట్టుకుని కూర్చున్నారు. పదిహేడేళ్ల లోపు వాళ్లకు లైసెన్సు అక్కర్లేదని ముందే కనుక్కున్నాం, ధీమాగా ఉన్నాం. ఇంతలో యూనిఫాంలో ఒక కన్జర్వేషన్ ఆఫీసర్, అంటే చేపల, వేట నియమాలు అమలు చేసే రాష్ట్ర ఆఫీసర్, నడుచుకుంటూ వచ్చారు. పిల్లల్ని పలకరించి, ఏం పడ్డాయని అడిగి, వాళ్ల పక్కన రాడ్ పట్టుకుని ఉన్న తండ్రి వైపు తిరిగి లైసెన్సు చూపించమన్నారు. "నేను పట్టడం లేదు సార్, మా వాడికి సాయం చేస్తున్నాను" అన్నాడాయన. సరిగ్గా అదే నేరం! లైసెన్సు లేని పిల్లవాడికి చేపలు పట్టడంలో చేయి కలిపి సాయం చేసే పెద్దవాళ్లకు లైసెన్సు ఉండి తీరాలి. ఆఫీసర్ చీటీ రాయలేదు, మాటతో వదిలేశారు. మనవాడు అక్కడికక్కడే ఫోన్లో 10 డాలర్లకు ఒక్కరోజు లైసెన్సు కొన్నాడు. ఏడాదిదైతే 26 డాలర్లు. ఇంటికెళ్లాక వాళ్లావిడ ఏమందో మనకు అప్రస్తుతం.

పార్కు మెట్రో వాళ్లది కదా, రాష్ట్రం ఆఫీసర్‌కు ఇక్కడేం పని అని ఆ రోజు చాలామంది అడిగారు. నేల ఎవరిదైనా చేపలు మాత్రం రాష్ట్ర ప్రజలందరివీ. వాటి బాగోగులు చూసేది సహజ వనరుల శాఖ, అందరూ డీఎన్‌ఆర్ అంటారు. అడవి జంతువులదీ అదే లెక్క. మీ పెరట్లో నిలబడ్డంత మాత్రాన జింక మీది కాదు. ఏ చేప ఎంత పొడుగుంటే ఉంచుకోవచ్చు, రోజుకు ఎన్ని, ఏ నెలల్లో అన్నదంతా వాళ్ల నిబంధనల పుస్తకంలో ఉంటుంది. ఆ రోజు పిల్లలకు పడిన లార్జ్‌మౌత్ బాస్ అనే చేప ఒకటి పద్నాలుగు అంగుళాలు లేదు, అందుకని నీళ్లలోకి వదిలేయించారు. పట్టిన పిల్ల మాత్రం ఏడ్చింది.

ఇక మూడోది, అసలైనది. మిగిలిన చేపలు ఇంటికి తీసుకెళ్లి పులుసు పెడదామని ఒక పెద్దాయన మంచి ఉత్సాహంగా ఉన్నారు. గట్టు మీదున్న బోర్డు చదివింది మన కాలేజీ పిల్లల్లో ఒకమ్మాయి. ఎగువన క్రోమ్ పూత పని నుంచి వచ్చిన పీఫాస్ అనే రసాయనాలు మురుగునీటి శుద్ధి కేంద్రం దాటి హ్యూరాన్ నదిలో చేరాయి. దాంతో 2018లో కెంట్ లేక్‌తో మొదలుపెట్టి నది కిందిదాకా చేపలు తినొద్దని హెచ్చరిక ఇచ్చారు. ఆ హెచ్చరిక ఇచ్చింది డీఎన్‌ఆర్ కాదు, రాష్ట్ర ఆరోగ్య శాఖ. పట్టుకోవడానికి లైసెన్సు ఒకరిస్తారు, తినొచ్చో లేదో ఇంకొకరు చెబుతారు. నీళ్లలోకి ఆ రసాయనం రాకుండా చూడాల్సింది మరో శాఖ. 1995లో డీఎన్‌ఆర్ నుంచి కాలుష్యం, నీటి నాణ్యత పనులు విడదీసి పర్యావరణ శాఖ పెట్టారు. 2019లో దాని పేరు మార్చారు. కొత్త పేరును పొట్టిగా "ఈగల్" అంటారు. గ్రూపులో నేను ఆ పేరు పెడితే, ఈగల కోసం కూడా ఒక శాఖ ఉందా అని ఒకాయన అడిగారు.

ఇంకో మాట, వంట తెలిసిన వాళ్ల కోసం. కొన్ని పాత రసాయనాలు చేప కొవ్వులో ఉంటాయి కాబట్టి తోలు, కొవ్వు తీసేస్తే కొంత తగ్గుతాయి. పీఫాస్ అలా కాదు, కండలోనే ఉంటుంది. ఉప్పూ పసుపూ పట్టించి ఎన్నిసార్లు కడిగినా, చింతపండు పులుసులో ఎంతసేపు మరిగించినా పోదు. ఏ చెరువు చేప నెలకు ఎన్నిసార్లు తినొచ్చో ఆరోగ్య శాఖ ప్రాంతాల వారీగా పుస్తకం వేసి ఉచితంగా పంపుతుంది. తెప్పించుకోండి.

కాబట్టి ఆ ఒక్క చెరువుకు గట్టు మెట్రోపార్కుది, చేపలు డీఎన్‌ఆర్‌వి, నీటి శుభ్రత ఈగల్‌ది, కంచంలోకి వచ్చాక ఆరోగ్య శాఖది. ఇదంతా విని పులుసు పెద్దాయన ఏమన్నారంటే, "ఇందులో కొత్తేముంది? మా ఊరి చెరువుకు తూము ఇరిగేషన్ వాళ్లది, చేపలు సొసైటీ వాళ్లవి, గట్టు మీద తుమ్మచెట్లు పంచాయతీవి. బర్రెలు కడిగేది మాత్రం అందరూ." ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

జింకల గొడవకు వస్తాను. పెరట్లోకి జింకలు వస్తే మిగిలిన అన్నం, అరటి తొక్కలు, యాపిల్ ముక్కలు పెట్టి వీడియోలు తీసి గ్రూపులో పెట్టడం మనవాళ్లకు అలవాటైంది. అది చట్టవిరుద్ధమని ఒకరు, నోరులేని జీవానికి ఇంత పెడితే తప్పేంటని ఇంకొకరు. రాత్రి పన్నెండు దాకా సాగింది. చట్టం సంగతి చెబుతాను. 2015 మేలో లాన్సింగ్ పక్కనే ఇంగమ్ కౌంటీలో, అడవిలో స్వేచ్ఛగా తిరిగే జింకకు క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ ఉన్నట్టు ఈ రాష్ట్రంలో మొదటిసారి తేలింది. మెదడును తినేసే జబ్బు, మందు లేదు. లాలాజలం, మూత్రం ద్వారా అంటుతుంది, మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఒకేచోట తిండి పోస్తే పది జింకలు మూతులు కలుపుతాయి. అందుకే 2019 జనవరి 31 నుంచి దిగువ ద్వీపకల్పమంతటా, అంటే రాష్ట్రంలో మనముండే దక్షిణ భాగమంతటా, జింకలకు మేత పెట్టడం నిషేధించారు. పిట్టలకు గింజలు వేసుకోవచ్చు గానీ అవి జింకలకు అందకూడదు.

దయతో పెట్టేవాళ్లను తప్పుపట్టడం నాకిష్టం లేదు. కానీ ఆ దయ వల్ల చచ్చేది ఆ జింకే. కమిటీ నిర్ణయం: ఇకపై అలాంటి వీడియోలు గ్రూపులో ఉంచం.

ఆ గొడవలోనే ఇంకో ప్రశ్న వచ్చింది, అది మంచి ప్రశ్న. జంతువుల్ని కాపాడే శాఖ వేటకు లైసెన్సులు ఎలా అమ్ముతుంది? మనలో శాకాహారులు ఎక్కువ, సంఘం డబ్బుతో గేలాలు కొనడం మీదే అభ్యంతరం చెప్పినవాళ్లున్నారు. డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందో చూశాక నా అభిప్రాయం కొంత మారింది. వేట, చేపల లైసెన్సుల సొమ్ము ఈ శాఖకు పెద్ద ఆధారం. దాన్ని వేరే పనికి మళ్లిస్తే కేంద్రం నిధులు ఆగిపోతాయి. ఆ కేంద్రం నిధులైనా 1937 చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద, 1950 చట్టం ప్రకారం చేపలు పట్టే సామాన్ల మీద వేసిన పన్నే. ఆ రెండో చట్టం తెచ్చినవారిలో ఒకరు మన డెట్రాయిట్ నుంచి కాంగ్రెస్‌కు వెళ్లిన జాన్ డింగెల్ సీనియర్. అంటే మనం ఫొటోలు తీసుకునే జింక, కొంగ, తాబేలు ఖర్చులో చాలా భాగం వేటగాళ్లు, జాలర్లు కడుతున్నారు. చంపడం నచ్చకపోవచ్చు, నాకూ నచ్చదు. కానీ పైసా కట్టకుండా వాళ్లకు నీతులు చెప్పడం కూడా నచ్చడం లేదు. వేట నియమాలు పెట్టేది గవర్నరు నియమించే ఏడుగురి కమిషన్. శాస్త్రీయ పద్ధతినే అనుసరించాలని 1996లో ప్రజలు ఓటేసి మరీ ఆ అధికారం కట్టబెట్టారు. కమిషన్ సమావేశాల్లో ఎవరైనా వెళ్లి మాట్లాడొచ్చు. గ్రూపులో పన్నెండింటి దాకా టైపు చేసేకన్నా అది మేలు.

సెప్టెంబరు ప్రయాణం పిజన్ రివర్ కంట్రీకి. గేలార్డ్ దాటాక వచ్చే రాష్ట్ర అడవి. ఎల్క్‌ల కోసం వెళ్లాం, జింక జాతిలో బాగా పెద్దవి అవి. ఆ రోజుల్లో మగ ఎల్క్‌లు జత కోసం అరుస్తాయి. చలిలో, చీకటితో లేచి, థర్మాస్‌లో కాఫీతో ఒక మైదానం అంచున నిలబడ్డాం. ముందు పిల్లలు గుసగుసలు, తర్వాత వాళ్ల అమ్మానాన్నల గుసగుసలు. తెల్లవారే వేళ మంచులోంచి సన్నటి పిల్లనగ్రోవిలా మొదలై గురకలాగా ముగిసిన అరుపు వినిపించాక ఎవరూ మాట్లాడలేదు. కొమ్ములున్నది ఒకటి, దాని వెనక ఆడవి ఆరు, మేం చూసినంతలో.

అవి అక్కడ ఉండటం వెనక పెద్ద కథ ఉంది. వేట, అడవుల నరికివేత కలిసి 1875 ప్రాంతానికి ఈ రాష్ట్రంలో ఎల్క్ అన్నది లేకుండా పోయింది. 1918లో పడమటి రాష్ట్రాల నుంచి ఏడింటిని తెచ్చి వుల్వరీన్ అనే ఊరి దగ్గర వదిలారు. అడవి కూడా అంతే. పైన్ చెట్లన్నీ కొట్టేసి, మిగిలింది తగలబడి, వ్యవసాయానికి పనికిరాక పన్ను కట్టలేని యజమానులు వదిలేసుకున్న భూములే ఇవాళ రాష్ట్ర అడవుల్లో చాలా భాగం. అవన్నీ కలుపుకుని ఇప్పుడు డీఎన్‌ఆర్ చేతిలో సుమారు 46 లక్షల ఎకరాలున్నాయి.

1960ల మొదట్లో 1,500 దాకా పెరిగిన ఎల్క్‌లు 1975 నాటికి రెండొందలకు పడిపోయాయి. అదే సమయంలో ఆ అడవి కింద చమురు ఉందని తేలింది. తవ్వాలని ఒకరు, కూడదని ఇంకొకరు. ఆ తగవు మధ్యలోనే 1976లో ఒక చట్టం వచ్చింది: రాష్ట్ర భూముల కింది చమురు, గ్యాస్ మీద వచ్చే రాయల్టీని జీతాలకూ రోడ్లకూ వాడకుండా, ప్రజల కోసం కొత్త భూములు కొనడానికి దాచాలి. నేల కిందిది ఒకసారి తీసేస్తే మళ్లీ రాదు కనుక ఆ సొమ్ముతో నేలే కొనాలన్నది లెక్క. 1979లో రాష్ట్ర సుప్రీంకోర్టు, ఎల్క్‌లకు హాని జరుగుతుందని చెప్పి ఆ అడవిలో తవ్వకం ఆపింది. తర్వాత షరతులతో, అడవిలో కొంత భాగానికే పరిమితం చేసి అనుమతించారు. 1984లో ఆ రాయల్టీ సొమ్ము దాచే నిధిని రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చారు. ఆ నిధికి పెట్టిన 50 కోట్ల డాలర్ల పరిమితి 2011కు నిండింది. రాష్ట్రంలోని 83 కౌంటీల్లోనూ ఆ డబ్బుతో ఏదో ఒక పార్కో, బాటో, నీటి ఒడ్డో ఉంది. ఎల్క్‌లను ఇప్పుడు 500 నుంచి 900 మధ్య ఉంచాలన్నది శాఖ లక్ష్యం. ఎక్కువైతే రైతుల పొలాల మీద పడతాయి.

ఆ ప్రయాణంలో మన తప్పు ఒకటే. ఒక కుటుంబం ఇంటి దగ్గరి కట్టెలు డిక్కీలో వేసుకొచ్చింది, చలిమంట కోసం. కట్టెల్లో పురుగులు ప్రయాణం చేస్తాయి. యాష్ చెట్లను కోట్ల సంఖ్యలో చంపిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు ఈ దేశంలో మొదట కనబడింది 2002లో, మన డెట్రాయిట్ చుట్టుపక్కలే. ఎక్కడ కాలుస్తామో అక్కడే కొనుక్కోవాలి. ఆ కట్టెలు విప్పకుండానే వెనక్కి తెచ్చారు, దారంతా డిక్కీలో దడదడ.

వచ్చే ఏడాదికి ఎగువ ద్వీపకల్పంలో మూస్‌లను, అంటే ఎల్క్‌కన్నా పెద్ద జింకల్ని, చూడాలని పిల్లలు పట్టుబట్టారు. 1985, 1987లలో కెనడాలోని అల్గాంక్విన్ పార్కులో 59 మూస్‌లను మత్తిచ్చి, హెలికాప్టర్‌కు వేలాడదీసి, లారీల్లో అక్కడి మార్కెట్ (Marquette) కౌంటీకి తెచ్చారని విన్నప్పటి నుంచీ ఇదే గోల. మనిషికి ఎంతవుతుందో లెక్క వేసి జూన్‌లోపు చెబుతాం. చేపల క్లాసు మళ్లీ పెట్టాలా వద్దా అన్నది సమావేశంలో ఓటుకు పెడుతున్నాం. పెడితే ఈసారి ఐలాండ్ లేక్‌లో, "పీ" స్టిక్కర్ చెల్లే చోట, జూన్‌లో రాష్ట్రం లైసెన్సు లేకుండా పట్టనిచ్చే వారాంతంలో పెడతాం. హ్యూరాన్ నది ఆ పార్కులోంచి కూడా వెళుతుంది కాబట్టి పులుసు ఆశ పెట్టుకోవద్దు.

కమిటీలో రెండు స్థానాలు ఖాళీ అవుతున్నాయి, ఆసక్తి ఉన్నవాళ్లు కార్యదర్శి గారికి చెప్పండి. సంఘం గేలాలు ఐదు ఉండాలి, మా గ్యారేజీలో నాలుగే ఉన్నాయి. ఐదోది ఎవరి దగ్గరుందో వాళ్లు దయచేసి తెచ్చివ్వగలరు.

ఇట్లు,
ప్రకృతి విహార కమిటీ తరఫున, కన్వీనర్