కొత్త రూటు సరే, రెండో విమానం ఏది?

సంపాదకుడు గారికి,

రాజమహేంద్రవరం నుంచి ఫలానా ఊరికి విమానం మొదలైందంటే మర్నాడు పేపర్లో ఫొటో తప్పదు. ఎంపీ గారు, ఎమ్మెల్యే గారు, రిబ్బను, మొదటి ప్రయాణికుడి చేతిలో బొకే. 2024 డిసెంబరులో ముంబయికి, ఢిల్లీకి నేరుగా సర్వీసులు వచ్చినప్పుడు మేమంతా సంతోషించిన మాట నిజమే. ఆ ఫొటోల కింద ఎవరూ రాయని సంగతి మాత్రం ఒకటుంది. ఆ రూట్లో ఎన్ని సంస్థలు విమానాలు నడుపుతున్నాయి? మధురపూడి ఎయిర్‌పోర్టులో ఈ ప్రశ్నకు దాదాపు ఎప్పుడూ ఒకటే జవాబు: ఇండిగో.

ఒకప్పుడు ఇలా లేదు. స్పైస్‌జెట్ 2011లో హైదరాబాద్‌ను కేంద్రంగా పెట్టుకుని చిన్న ఊళ్ళకు క్యూ400 విమానాలు మొదలుపెట్టింది. 2013లో విజయవాడ నుంచి ఎయిర్ కోస్టా వచ్చింది. 2015లో హైదరాబాద్ నుంచే ట్రూజెట్ ఎగిరింది. జెట్ ఎయిర్‌వేస్ ఎలాగూ ఉండేది. 2017 డిసెంబరులో ఇండిగో తన తొలి చిన్న విమానాలైన ఏటీఆర్‌లను దించింది కూడా శంషాబాద్‌లోనే. అప్పటికే ఎయిర్ కోస్టా మూతపడినా, ఆ తర్వాత ఏడాదిపాటు హైదరాబాద్ నుంచి మన పట్టణాలకు టికెట్ వెతికితే స్క్రీన్ మీద నాలుగు పేర్లు కనిపించేవి. 2019 ఏప్రిల్‌లో జెట్ ఆగిపోయింది. 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్, 2023 మేలో గో ఫస్ట్. 2024 నవంబరులో విస్తారా ఎయిరిండియాలో కలిసిపోయింది. స్పైస్‌జెట్ ఉందంటే ఉంది. దేశీయ ప్రయాణికుల్లో ఇండిగో ఒక్కదాని వాటా 60 శాతం దాటింది. మిగిలినదాంట్లో చాలా భాగం టాటాల చేతిలో ఉంది.

ఇందుకు ఇండిగోను తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. ట్రూజెట్ జీతాలివ్వలేక ఆగిపోయింది. గో ఫస్ట్ ఇంజిన్లు దొరక్క నేల మీదే ఉండిపోయింది. ఇంధనంపై పన్నులు అందరికీ ఉన్నవే, అయినా ఒక సంస్థ తట్టుకుని నిలబడింది. నిలబడ్డవాడిది నేరం కాదు. కానీ ఒక్కడే మిగిలేలా పద్ధతులు పెట్టుకున్నదెవరని ప్రభుత్వాలను అడగాలి కదా.

శంషాబాద్ లాంటి కేంద్రంలో పోటీ ఎలా చస్తుందో చూడండి. మా రాజమండ్రి నుంచి హైదరాబాద్ విమానం ఎక్కేవాళ్ళందరూ హైదరాబాద్‌లో పనున్నవాళ్ళు కారు. కోనసీమ నుంచి కువైట్, మస్కట్ వెళ్ళేవాళ్ళున్నారు. పుణెలోనో అహ్మదాబాద్‌లోనో పిల్లల దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళున్నారు. వీళ్ళకు కావలసింది రెండు విమానాలు, ఒకే టికెట్. సామాను మధురపూడిలో ఇస్తే చివరి ఊళ్ళో తీసుకోవాలి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఇంకోదాంట్లో ఎక్కించే పూచీ కంపెనీది కావాలి. ఇది శంషాబాద్ నుంచి నలుమూలలకూ విమానాలున్న సంస్థే ఇవ్వగలదు. నాలుగు ఏటీఆర్‌లతో వచ్చిన చిన్న సంస్థకు మిగిలేది హైదరాబాద్‌లో దిగి ఇంటికెళ్ళేవాళ్ళు మాత్రమే. ముందుకు వెళ్ళే ప్రయాణికుడు దాని విమానం ఎక్కాడా, శంషాబాద్‌లో బెల్టు దగ్గర పెట్టె తీసుకుని, బయటికి వచ్చి, మళ్ళీ మెట్లెక్కి, మళ్ళీ చెకిన్ క్యూలో నిలబడాలి. ఈలోగా రెండో విమానం వెళ్ళిపోతే ఆ డబ్బు పోయినట్టే. టికెట్ వెయ్యి రూపాయలు తగ్గించినా పెద్దవాళ్ళు ఆ సాహసం చేయరు. అలా డెబ్బై సీట్ల విమానంలో ఇరవై ముప్ఫై ఖాళీగా పోతుంటే చిన్న సంస్థ ఎన్నాళ్ళు నడుపుతుంది?

దీనికి ఇంటర్‌లైన్ అనే పాత ఏర్పాటు ఉంది. ఒక సంస్థ టికెట్ మీదే రెండో సంస్థ విమానంలో కూడా ఎక్కవచ్చు, సామాను నేరుగా వెళ్తుంది, ఛార్జీని వాళ్ళూ వాళ్ళూ పంచుకుంటారు. మన పెద్ద సంస్థలు విదేశీ విమాన సంస్థలతో ఇలాంటి ఒప్పందాలు ఉత్సాహంగా చేసుకుంటాయి. విదేశంలో దిగినవాడి పెట్టె మరో కంపెనీ విమానంలోకి తనంతట తనే చేరిపోతుంది. అదే సౌకర్యం కడప నుంచి వచ్చే చిన్న విమానం వాడికి శంషాబాద్‌లో ఎందుకు ఉండకూడదు?

చిన్న ఊళ్ళకు చవకగా విమానాలు నడిపించే ఉడాన్ పథకం గురించి కూడా చెప్పాలి. 2017 ఏప్రిల్ 27న ప్రధాని ప్రారంభించిన తొలి సర్వీసుల్లో కడప–హైదరాబాద్ ఒకటి, నడిపింది ట్రూజెట్. గంట ప్రయాణానికి 2,500 రూపాయలన్నారు, సగం సీట్లకు. లోటు పూడ్చడానికి వయబిలిటీ గ్యాప్ ఫండ్ ఇచ్చారు, మూడేళ్ళపాటు ఆ రూట్లో వేరెవరూ రాకుండా రక్షణ కూడా ఇచ్చారు. మొక్క వేరూనేదాకా కంచె కట్టడం సబబే. ఆ మూడేళ్ళూ నిండేసరికి కోవిడ్ వచ్చింది, ఇంకో రెండేళ్ళకు కంపెనీయే లేకుండా పోయింది. మూడేళ్ళ తర్వాత ఏమిటన్నది పథకం రాసినవాళ్ళు ఆలోచించినట్టు లేదు. రాష్ట్ర ప్రభుత్వాల తీరూ అంతే. 2018 డిసెంబరులో ఇండిగో విజయవాడ–సింగపూర్ సర్వీసు ప్రభుత్వ లోటు భర్తీ హామీతోనే మొదలైంది. ఆ హామీ పోయాక 2019లో సర్వీసూ ఆగింది. ప్రజల డబ్బుతో రూటు తెరవడం తప్పనను. ఆ డబ్బు ఎప్పుడూ ఉన్న పెద్ద సంస్థకే అందుతుంటే, రెండోవాడు రావడానికి దారేదీ?

ఒక్కరి మీద ఆధారపడితే ఏమవుతుందో 2025 డిసెంబరు మొదటి వారంలో దేశమంతా చూసింది. పైలట్ల విశ్రాంతి నిబంధనలు మారతాయని ముందే తెలిసినా ఇండిగో తగినంతమంది సిబ్బందిని సిద్ధం చేసుకోలేదు, వేల సర్వీసులు రద్దయ్యాయి. శంషాబాద్‌లో జనం నేల మీదే పడుకున్నారు. మిగిలిన విమానాల టికెట్లు ఆకాశాన్నంటాక కేంద్రం పరిమితి పెట్టింది: 500 కిలోమీటర్లలోపు 7,500 రూపాయలు, పన్నులూ ఎయిర్‌పోర్టు రుసుములూ కాక. హైదరాబాద్–రాజమండ్రి ఆ దూరంలోపే. అంతకు ఎనిమిదేళ్ళ ముందు అదే గంట ప్రయాణానికి ప్రభుత్వమే సగం సీట్లకు 2,500 ధర పెట్టింది. ఒకటి సబ్సిడీ ధర, రెండోది ఆపద్ధర్మ పరిమితి, పోల్చకూడదని నిపుణులంటారేమో. సంక్రాంతికి పిల్లల్ని ఇంటికి రప్పించుకునే గోదావరి జిల్లాల తల్లిదండ్రులకు మాత్రం 7,500 చూస్తే పాత రోజులే నయమనిపిస్తుంది. ప్రైవేటు బస్సు వాడు పండక్కి టికెట్ పెంచితే రవాణా శాఖ కేసు రాస్తుంది. విమానం ఛార్జీలు 1994 నుంచి కంపెనీల ఇష్టం. అక్కడ మనల్ని కాపాడగలిగింది పోటీ ఒక్కటే, అది లేదు.

ఆ గొడవ తర్వాత కేంద్రం అల్ హింద్ ఎయిర్, ఫ్లై ఎక్స్‌ప్రెస్ అనే కొత్త సంస్థలకు ఎన్ఓసీలిచ్చింది. మంచిదే, కానీ ఎన్ఓసీ అంటే విమానాలు సమకూర్చుకోవచ్చని చెప్పడం మాత్రమే. విమానాలు నడపడానికి తుది అనుమతి అయిన ఎయిర్ ఆపరేటర్ సర్టిఫికెట్ వచ్చి గాల్లోకి లేచేసరికి చాలా కాలం పడుతుంది. లేచాక కూడా పైన చెప్పిన బెల్టు దగ్గర పెట్టె సమస్య అలాగే ఉంటుంది. ట్రూజెట్‌కు పట్టిన గతి వీటికి పట్టకూడదంటే ఇప్పుడే కొన్ని పనులు జరగాలి.

దేశీయ ప్రయాణికుల్లో సగానికి పైగా మోసే సంస్థ ఏదైనా, ప్రాంతీయ సంస్థ అడిగితే ఇంటర్‌లైన్ ఒప్పందం చేసుకోక తప్పదని పౌర విమానయాన శాఖ షరతు పెట్టాలి. రాష్ట్ర ప్రభుత్వాలు ఇచ్చే లోటు సొమ్ములో కొంత, ఇప్పటికే ఒక సంస్థ ఉన్న రూట్లో రెండోదిగా వచ్చేవాళ్ళకే కేటాయించాలి. భోగాపురం విమానాశ్రయాన్ని చేపట్టిన జీఎంఆరే శంషాబాద్‌నూ నడుపుతోంది కనుక, ఉదయం, సాయంత్రం మంచి వేళల స్లాట్లలో (విమానం దిగడానికి, లేవడానికి ఇచ్చే సమయాల్లో) కొన్ని కొత్తవాళ్ళకు అట్టిపెట్టడం రెండుచోట్లా వీలవుతుంది.

అన్నిటికన్నా తేలికైనది, ఖర్చులేనిది ఇంకొకటుంది. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ప్రతి నెలా ఇచ్చే నివేదికలో దేశం మొత్తం మీద ఎవరి వాటా ఎంతో ఉంటుంది. హైదరాబాద్–రాజమండ్రి, హైదరాబాద్–కడప లాంటి ఒక్కో రూట్లో ఎవరి వాటా ఎంత, టికెట్ సగటున ఎంతకు అమ్ముడైంది అన్నది ఉండదు. అమెరికా రవాణా శాఖ అమ్ముడైన టికెట్లలో కొన్నిటిని నమూనాగా తీసుకుని మూడు నెలలకోసారి రూటువారీ ఛార్జీలు బయటపెడుతుంది. మన శాఖకు మంత్రి శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారే. ఆయన తలచుకుంటే వచ్చే త్రైమాసికం నుంచే ఈ లెక్కలు ఇవ్వవచ్చు. మా గోదావరి జిల్లాల ఎంపీలు ఈసారి పార్లమెంటులో కొత్త సర్వీసు అడిగే ముందు, ఉన్న రూట్ల ఛార్జీల లెక్క అడగాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు,
రాజమహేంద్రవరం